ఒళ్లు విదిలించని మేక

మా అత్తమ్మ మొక్కు మొక్కేముందు నన్ను అడగలేదు. నా కూతురు మెదడువాపుతో పెర్త్ ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడుంటే, ఆవిడ కరీంనగర్‌లో కూర్చుని ఎల్లమ్మ తల్లికి మాటిచ్చేసింది, పిల్ల ప్రాణం దక్కితే మేకపోతును ఇస్తానని. పిల్ల దక్కింది. మరుసటి జూలైలో, అక్కడ బోనాలు ఇక్కడ ఎముకలు కొరికే చలి, అత్తమ్మ విజిటర్ వీసా మీద పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో మా ఇంట్లో దిగింది. తెచ్చుకున్న వేపాకు ఎయిర్‌పోర్టులోనే తీసి పడేశారు. మొక్కును మాత్రం ఎవరూ పట్టుకోలేకపోయారు.

"ఊళ్లోనే ఇద్దాం అత్తమ్మా, ఇక్కడెందుకు?" అన్నాను.

"పానం దక్కింది ఈడ. ఇచ్చుడు సుత ఈడనే. మొక్కు మర్శిపోతె తల్లి ఊకుంటదా బిడ్డా?"

నేను ఇక్కడి యూనివర్సిటీలో మానవశాస్త్రం చదివాను. బలిపశువు మనిషికి బదులుగా నిలబడుతుందని, అది ఒప్పుకున్నట్టు మనమే ఒక గుర్తు పెట్టుకుని చేతులు దులుపుకుంటామని ఎస్సే రాసి మంచి మార్కులు కొట్టేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నా సంగతీ అంతే. మొక్కు తీర్చకపోతే ఏమవుతుందో ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఏడాదిగా పిల్ల నిద్రలేవగానే నుదురు పట్టి చూడటమే నా పని. భయపడే ఒప్పుకున్నాను.

మా ఆయన ఊరి బయట మేకలు పెంచే ఒకాయనతో మాట్లాడాడు. కోసేది ఫారంలో పనిచేసే కసాయే, షెడ్డులో, రూలు ప్రకారం. పసుపునీళ్లు చల్లడం వరకే మాది. పిల్లను ఇంట్లో వదిలి వెళదామంటే అత్తమ్మ వినలేదు. ఎవరి కోసం మొక్కారో వాళ్లు ఎదురుగా ఉండాలట.

కారులో వెనక సీటు నుంచి పిల్ల అడిగింది. "మామ్, ద గోట్ ఈజ్ ఇన్‌స్టెడ్ ఆఫ్ మీ?"

మా ఆయన రేడియో పెంచాడు.

ఫారంలో మేకపోతును కంచెకు కట్టి ఉంచారు. ఒత్తుగా బొచ్చు, నల్లగా నిగనిగలాడుతోంది. అత్తమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, వేపరెమ్మ లేదు కాబట్టి యూకలిప్టస్ రెమ్మతో నీళ్లు చల్లింది. ఆ నీళ్లకు మేక ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే వద్దన్నట్టు.

మేక తీరిగ్గా గడ్డి నములుతోంది.

మళ్లీ చల్లింది. చెంబుతో వీపు మీద పోసింది. కదలదే. కసాయి షెడ్డు గుమ్మంలోంచి వాచీ చూసుకుని, "యూ రైట్, మేట్?" అని, ఇంకెంతసేపన్నట్టు కేకేశాడు. అత్తమ్మ పెదవులు ఎండిపోయాయి. "తప్పేమన్న ఉంటె కడుపుల వెట్టుకో తల్లీ," అని గొణుగుతోంది. తల్లి మేకను వద్దంటే, ఆవిడకు ఇంకేం కావాలి? నా ఎస్సేలో ఆ ప్రశ్న లేదు.

మా ఆయనకు విసుగొచ్చి పసుపునీళ్ల బకెట్ ఎత్తి మేక మీద కుమ్మరించాడు. అప్పటికే పిల్ల వెళ్లి దాని మెడ నిమురుతోందని చూసుకోలేదు. ఇద్దరూ తడిసిపోయారు. మేక ఉలకలేదు, పలకలేదు.

పిల్ల నిలువెల్లా వణికింది. తడి జుట్టు విదిలించింది, పసుపునీళ్లు మా మొహాల మీద పడ్డాయి.

నాకంటే ముందు అత్తమ్మే కదిలింది. కొంగుతో పిల్లను చుట్టేసి, దేని నుంచో దాస్తున్నట్టు మీదికి వంగింది. అలాగే తల మాత్రం ఎత్తి, ఆకాశం వైపు చూస్తూ గట్టిగా చెప్పింది.

"గది సలికి. ఉత్త సలికే. నా మన్మరాలు ఏం ఒప్పుకోలె."

తర్వాత మా ఆయనతో, "మ్యాకను ఇడిశిపెట్టు కొడుకా," అంది. ఇంటికొచ్చేదాకా పిల్లను ఒళ్లోంచి దింపలేదు. మొక్కు మాట మళ్లీ ఎత్తలేదు. వీసా అయిపోగానే వెళ్లిపోయింది.

పిల్ల బాగానే ఉంది. వారం వారం ఈత క్లాసుకు తీసుకెళతాను. తను పూల్‌లోంచి బయటికి రాగానే తువ్వాలు పట్టుకుని పరిగెత్తుతాను, కానీ ఎప్పుడూ వణుకే నాకంటే ముందు తనని పట్టుకుంటుంది.

"ఉత్త చలికే," అంటాను పైకి చూసి.

"హూ ఆర్ యూ టాకింగ్ టు, మామ్?" అంటుంది పిల్ల.