తువ్వాల లేని నిబంధన

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగంలోనూ కొంత తరుగు పోతుంది.

డెబ్బయ్యో దశకం మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక మిషన్ల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవాణ్ని. ఇనుమును గిరగిరా తిప్పి చెక్కే మా లేత్‌ల చప్పుడుకి సంగారెడ్డిలో బర్రెలు పాలివ్వడం మానేశాయి. పనివాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల రైతులే. పొలానికి పోయినట్టే భుజాన తువ్వాలతో వచ్చి మిషన్ ముందు నిలబడేవారు.

భద్రతా నిబంధనలు తెలుగులో రాయమని పై ఆఫీసు నాకూ, నాతో ఒకే అద్దె గదిలో వండుకు తినే స్నేహితుడికీ అప్పజెప్పింది. ఇంగ్లీషులో వదులు దుస్తులు వద్దని ఉంది. లేత్ నడిపే ఒక పెద్దాయనకు అదే చదివి వినిపించాను.

"నా అంగీ టైటుగనే ఉంది గద సార్."

"మరి తువ్వాల, కాకా?"

"తువ్వాల బట్టలల్ల లెక్కనా? గది ఇజ్జత్."

"అయితే తువ్వాల అనే రాస్త."

"రాయి సార్. గోడ మీద ఉంటె అందరం తీస్తం. నేనొక్కన్నే తీస్తె నవ్వుతరు."

అలాగే రాశాను: "మిషన్ నడిచేటప్పుడు భుజం మీద, తల మీద తువ్వాల ఉంచుకోవద్దు. తీసి కొక్కేనికి తగిలించు." స్నేహితుడు చదివి నవ్వాడు.

"ఇదైతే మా నాయనకు సుత సమజైతది. మీటింగ్‌ల నేను నీ దిక్కేరా."

మీటింగులో మేనేజరు కాగితం పట్టుకుని అడిగాడు. "దీన్నే అన్ని భాషల్లోకి మార్చి మన ఫ్యాక్టరీలన్నిటికీ పంపాలి. బొంబాయిలో తువ్వాల గోల ఎందుకు?"

"నేను ముందే చెప్పిన సార్," అన్నాడు నా స్నేహితుడు. "జెర ఊరి మాట లెక్క ఉంది. అన్ని చోట్ల నడిచేటట్టు, గౌరవంగ ఉండాలె."

నేను చూసిన చూపుకి నెత్తిమీద ఫ్యాను ఆగిపోయింది. వాడు మాత్రం తలెత్తలేదు. కొత్తగా పెట్టబోయే నిబంధనల విభాగంలో పెద్ద కుర్చీ వాడికే వచ్చింది. గోడ మీదికి బంగారు రంగు అక్షరాలు ఎక్కాయి: "యంత్రముల చెంత వదులు దుస్తులు నిషిద్ధము."

వానాకాలంలో పెద్దాయన తువ్వాల కొస లేత్‌కి చుట్టుకుంది. పక్కవాడు కరెంటు ఆపబట్టి మెడ దక్కింది, తోలు లేచిపోయింది. ఎవరిది తప్పని విచారణ పెట్టారు.

"నిబంధన గోడ మీదనే ఉన్నది సార్," అన్నాడు నా స్నేహితుడు.

పెద్దాయన పని పోయింది. గేటు దగ్గర నన్ను ఆపాడు.

"తువ్వాల అని రాస్తనంటివి గద సార్?"

"రాసిన కాకా."

"మరి ఏడ వోయింది?"

నేను పైఅంతస్తు కిటికీ వైపు చూశాను. అక్కడ కొత్త కుర్చీలో వాడి వీపు కనిపిస్తోంది.

బర్రెలు పాలిస్తూనే ఉన్నాయి, ఫ్యానూ ఆగలేదు. అవి నా అలవాటు కొద్దీ పడ్డ మాటలు. అసలు కల్పించింది వేరే ఉంది. ఈ కథ ఎవరికి చెప్పినా, ఆ సాయంత్రం వాడు గదికొచ్చి నా చెయ్యి పట్టుకుని "తప్పైందిరా" అన్నాడని ముగిస్తాను. వాడు ఆ మాట అనలేదు. చెప్పులు విడిచి, "బియ్యం కడిగినవా?" అని అడిగాడు.