ఒక మెట్టు దించిన గిటారు

అరకులో మాకు గిటారు నేర్పిన గార్డు మాస్టారు మంగళవారం ఉదయం ఆరు గంటలకు తన ఇంట్లో కన్నుమూశారు. ఆయన శిష్యురాలు ఎస్తేరు ఫోను చేసింది. "మాస్టారు ఎల్లిపోనారు బాబూ" అని, "బేగి రండి" అంది. బుధవారం మధ్యాహ్నం, రైలు పట్టాలకు అవతలి గట్టు మీద, ఆయన భార్య సమాధి పక్కనే ఖననం జరిగింది.

ఆయనది పార్వతీపురం దగ్గర పల్లె. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బళ్లకు గార్డుగా ఈ కొండల్లోనే ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక సొంతూరు వెళ్లలేదు. ఎందుకని అడిగితే, "ఆవిడ ఇక్కడుంది కదా" అని గట్టు వైపు చూపించేవారు.

ఆయనకు గిటారు, అరకు రాకముందు, వాల్తేరు రైల్వే కాలనీలో దొరికింది. పొరుగింటి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు వదిలిపోతూ పాత గిటారు, పేరు రాయని ఒక కేసెట్టు ఇచ్చి వెళ్లాడట. అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లజాతి కూలీలు పాడుకున్న బ్లూస్ పాటలు అందులో ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే గిటారు, వింటే ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా తాళం వేస్తూ ఉంటుంది. మిగతా వేళ్లు సన్న తీగల మీద పాటను పలికిస్తాయి. పాడిందెవరో మాస్టారుకు చాలా ఏళ్లు తెలియలేదు. "పెద్దాయన" అనేవారు.

తొంభైల మధ్యలో నేను విలేకరిగా అరకు వచ్చి, ఆయన ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. గోడ అవతల రోజూ ఆ చప్పుడు వినీ వినీ, నేర్పమని అడిగాను. మొదటి నెలంతా బొటనవేలు ఒక్కటే. అది కదులుతుండగా ఆయన మామూలు కబుర్లు మొదలుపెట్టేవారు.

"ఇయ్యాల ఏటి కూర బాబూ?"

"ఆనపకాయ, మాస్టారూ."

"రొయ్యలేసినావా?"

ఆలోచనలో పడేవాణ్ని. వేలు ఆగేది. "బండి ఆగిపోనాది. రొయ్యలకి ఆగిపోయే బండి కొండేటి ఎక్కుద్ది?" అని మళ్లీ మొదటినుంచి వాయించమనేవారు. వేలు తనపాటికి తాను నడుస్తూ ఉంటే, మనిషి మాట్లాడాలి, పాడాలి, నవ్వాలి. ఆయన పాఠమంతా ఇదే. నాకది సగమే వచ్చింది.

పూర్తిగా వచ్చింది ఎస్తేరుకి. అనంతగిరి పక్క గిరిజన పల్లె ఆమెది. కాఫీ తోటలో పళ్లు కోస్తుంటే మాస్టారు చూశారు. పచ్చివాటికి తగలకుండా, బొటనవేలితో, చూపుడువేలితో పండినదాన్నే మెలితిప్పి తీస్తూ, అటుపక్క చెట్టు దగ్గరున్న మనిషితో పోట్లాడుతోందట. "మాట ఓ పక్క, సెయ్యి ఓ పక్క. ఆ గుంటకి నాను నేర్పీదేటి లేదు" అన్నారు నాతో. అయినా నాలుగేళ్లు నేర్పారు. ఆమె తర్వాత నర్సింగు చదివి అరకు ఆసుపత్రిలోనే చేరింది.

మా లోయ గిటారుకి ఒక ప్రత్యేకత ఉండేది. అన్ని తీగలూ ఉండాల్సిన శ్రుతి కంటే ఒక మెట్టు కిందికి ఉండేవి. పాట కూడా నిదానంగా సాగేది. మాస్టారు వాయిస్తారు కాబట్టి చర్చిలో కీర్తనలూ అలాగే పాడేవారు. మైదానం నుంచి వచ్చిన ఒక పాస్టరుగారు విని, "సంఘమంతటికీ జలుబు చేసిందేంటయ్యా?" అని అడిగారు. అది మా పద్ధతి అనుకున్నాం. మాస్టారూ అలాగే అనుకున్నారు.

రెండువేల సంవత్సరం దాటాక, విశాఖపట్నంలో ఒక దుకాణంలో అవే పాటలు మోగుతుంటే విని, ఆ సీడీ కొన్నాను. తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎస్తేరు కూడా ఉంది. పెద్దాయన గొంతు సన్నగా, చురుగ్గా వచ్చింది. మాస్టారు మొత్తం విన్నారు.

"ఇదేటి బాబూ, ఇంత బేగి ఎల్తన్నాడు?"

విషయం నాకు దుకాణంలోనే అర్థమైంది. మాస్టారు కేసెట్టు పెట్టుకుని నేర్చుకున్నది సాయంత్రాలు, డ్యూటీ దిగాక. ఆ వేళకి అరకులో ఓల్టేజీ పడిపోతుంది, టేపు ఈడుస్తుంది. ఈడ్చిన టేపుకి సరిపోయేలా ఆయన తీగలు వదులు చేసుకున్నారు. అదే చెప్పాను.

"అయితే ఇన్నేళ్లూ నాను అందరికీ తప్పు నేర్పించినానా?"

"పెద్దాయన బండి దిగువకి ఎల్తంది మాస్టారూ. మనది ఎగువకి" అంది ఎస్తేరు. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాతి సంతలో ఆయన తన పాత శిష్యుల్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "నాను నేర్పింది నిదానం. అసలు అలా కాదు. టేపు తప్పు, నాది తప్పు" అని చెప్పడం చూశాను. అల్లం అమ్ముకుంటున్న ఒకాయన, "మాకది బాగానే ఉంది మాస్టారూ, మీకేటయింది?" అన్నాడు. మాస్టారు ఇంటికొచ్చి తీగలు బిగించారు. ఒకటి తెగింది. కొత్తది వేసి మళ్లీ బిగించారు. ఆ వేగం ఆయన వేళ్లకు రాలేదు. చర్చిలో వాయించడం మానేశారు.

తర్వాతి ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

ఎస్తేరు డ్యూటీ దిగి రోజూ వచ్చేది. ఒక రోజు గిటారు తీసి తీగలన్నీ మళ్లీ ఒక మెట్టు దించింది. ఆయన వారించబోతే, "బిగిత్తే మీ ఎడంచేతి వేళ్లు నొప్పెడతాయి" అంది. అప్పటినుంచి ఇద్దరూ ఒకే గిటారు వాయించారు. బెంచీ మీద కుడి సగంలో ఆమె, ఎడమ సగంలో ఆయన. గిటారు ఆమె ఒళ్లో ఉండేది. మెడ మీద తీగలు నొక్కేది ఆయన ఎడమచెయ్యి, మీటేది ఆమె కుడిచెయ్యి. చర్చిలో కీర్తనలు మళ్లీ కిందికి దిగాయి. అంతా పాడారు. కానీ వాయించడం అయిన ప్రతిసారీ ఆయన ఒకే మాట అనేవారు. "నాను పోయాక సరి సేసుకో గుంటా. నా తప్పు నీ కాడ ఆగిపోవాల."

ఆమె గిటారు తుడిచి గోడకి ఆనించేది.

ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. మైదానం నుంచి గాయక బృందం కీబోర్డుతో వస్తోంది. దానికి కలిసేలా గిటారు బిగించుకోమని మా చర్చి పాస్టరుగారు నిన్న ఎస్తేరుకి చెప్పారు. నేను అక్కడే ఉన్నాను. ఆమె తీగలు బిగించే మరలు ముట్టుకోలేదు. ఒక్కొక్క తీగే మీటి వింది.

"మాస్టారు కూడా సరి చేసుకోమన్నారు కదమ్మా" అన్నాను.

"సరిగానే ఉంది బాబూ" అంది. పాస్టరుగారి వైపు తిరిగి, "కీబోర్డుకి సుతి మార్సే బొత్తాం ఉంటాది కదయ్యగారూ. దాన్నే దించమనండి" అంది.

పాస్టరుగారు ఒప్పుకున్నారు.

తర్వాత ఆమె ఒక్కతే సాధన చేసింది. రెండు చేతులూ ఆమెవే. అయినా బెంచీ మీద కుడి సగంలోనే కూర్చుంది. గిటారు మెడ ఖాళీగా ఉన్న ఎడమ సగం మీదికి చాచి ఉంది. బొటనవేలు ఎక్కడా ఆగలేదు.

ఆరాధన ఆదివారం ఉదయం పది గంటలకు. ప్రసంగం అయ్యాక మొదటి కీర్తన, ఒక మెట్టు కిందికి, నిదానంగా, ఎస్తేరు వాయిస్తుంది.