కాగుతున్న గీజర్‌కు వైద్యం

ఒక మనిషి తన కొంప తనే, ఎవరి సాయం లేకుండా, చక్కగా ముంచుకోవడం ఎలాగో తెలుసుకోవాలని ఉంటే ఇది చదవండి. కొత్తగా గీజర్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు రెండుసార్లు చదవండి. ఇందులో కరెంటు షాకులు తగలవు, ట్యాంకులు పేలవు, ఎవరికీ చర్మం ఊడదు. అంతకన్నా ఘోరం జరుగుతుంది. నా పరువు పోతుంది. అదీ నలుగురి ముందు, బనీనూ లుంగీలో ఉండగా.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్ పక్కన సుబేదారిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా ఊరు నిర్మల్ అవతల. వరంగల్‌లో నాకు చుట్టాలు లేరు, పక్కాలు లేరు, పెళ్ళి కాలేదు. ఆఫీసులో నన్ను పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. అక్కడ నాతో పాటు డ్యూటీ చేసేవి బల్లులే. హోటల్లో వడ్డించేవాడు "అన్నమా, చారా?" అని తప్ప మూడో మాట అనేవాడు కాదు. సాయంత్రం గదికొచ్చి గడియ పెట్టుకున్నాక, గొంతు ఇంకా పనిచేస్తోందో లేదోనని దగ్గి చూసుకునేవాణ్ణి. నవ్వకండి, నిజంగానే చూసుకునేవాణ్ణి.

నేనుండే ఇల్లు రాజవ్వది. భర్త పోయిన ముసలామె. ఒకే వాకిలి చుట్టూ పోర్షన్లు కట్టి కిరాయికిచ్చింది. చలికాలం వస్తే వాకిట్లో పెద్ద పొయ్యి మీద కాగు పెట్టి, తెల్లవారకముందే కట్టెలు ఎగదోసేది. ఇంటివాళ్ళందరికీ అదే వేడినీళ్ళు. బకెట్లు పట్టుకుని కాగు చుట్టూ చేరేవాళ్ళం. నీళ్ళు మరిగేదాకా చేతులు కాచుకుంటూ ముచ్చట్లు. పక్క పోర్షన్ తిరుపతి సారు బడిలో సైన్సు చెప్పేవాడు, ఇక్కడ కూడా చెప్పేవాడు. ఎదురు పోర్షన్ కొమురయ్య కిరాణా కొట్టులో పనిచేసేవాడు, బజారు కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. రోజు మొత్తంలో మనుషులు నాతో మాట్లాడేది ఆ కాగు దగ్గరే. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. తెలిసుంటే ఈ గొడవే లేదు.

ఒక పొద్దున రాజవ్వ నా బకెట్ నింపుతూ నవ్వింది.

"జల్ది పెండ్లి జేస్కో బిడ్డా. నీ పెండ్లాం వచ్చి నీళ్ళు కాగబెడ్తది. నాకు జర కట్టెలు మిగుల్తయ్."

కొమురయ్య అందుకున్నాడు. "గీ మొకానికి పిల్లనెవడిస్తడవ్వా? నువ్వే కాగబెట్టాలె గని!"

అందరూ నవ్వారు. అందులో విషం చుక్క లేదు. కానీ నాకు ఆ వయసులో రోషం ముక్కు చివరన కాదు, ముక్కు దాటి ముందుకు వేలాడుతుండేది. ఓహో, నేను వీళ్ళకు బరువయ్యానన్నమాట! జీతం రాగానే తిన్నగా హన్మకొండ చౌరస్తాకు పోయి గీజర్ కొన్నాను. తెల్లటి డ్రమ్ము, దానికో ఎర్ర బుగ్గ, అదే చిన్న లైటు. షాపతను దాన్ని ఎలా వాడాలో ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. నేను వింటే కదా! దీన్ని చూసి రాజవ్వ మొహం ఎలా మాడిపోతుందోనని ఊహించుకుంటున్నాను.

రాజవ్వ మొహం మాడలేదు. "మంచిగైంది బిడ్డా, నీకు తిప్పల తప్పింది" అని సంతోషించింది. మర్నాడు పొద్దున ఆమె కాగు దగ్గర నవ్వులు వినిపిస్తుంటే నేను నా స్నానాలగదిలో ఒంటరిగా, ఎర్ర బుగ్గను చూస్తూ నిలబడ్డాను. బుగ్గ వెలిగింది. ఆరింది. నల్లా తిప్పాను. నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. జ్వరం తగ్గినవాడి నుదురులా ఉన్నాయి.

వణుకుతూ స్నానం చేసి బయటికొచ్చాను. కొమురయ్య చూశాడు.

"ఏంది తమ్మీ, గజగజ వణుకుతానవ్? గీజర్ ఉన్నది గదా!"

"కాగుతలేవన్నా" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

చూడండి, ఆ ఒక్క మాటతో ఏం జరిగిందో! కాగు చుట్టూ ఉన్న జనం లేచి నా గదిలోకి వచ్చేశారు. నేను చేరినప్పటి నుంచి గీజర్ బిగించినవాడు తప్ప ఒక్క మనిషి గడప తొక్కని గది అది. తిరుపతి సారు పంచె ఎగగట్టి డ్రమ్ము చుట్టూ చూశాడు.

"ఓల్టేజ్ లేదు. పొద్దుగాల అందరు లైట్లేస్తాండ్రు గదా, నీ దాంక కరెంటు రావద్దా?"

"ఓల్టేజ్ గాదు, ఏం గాదు" అన్నాడు కొమురయ్య. "కొత్త మిషన్ తెచ్చి కొబ్బరికాయ కొట్టినవా? పసుపు కుంకుమ పెట్టినవా? పెట్టలే. మరెట్ల కాగుతది?"

రాజవ్వ డ్రమ్ము కిందికి వంగి చూసింది. "పొయ్యే లేదు! కింద మంట లేకుంట నీళ్ళెట్ల కాగుతయ్ బిడ్డా?"

సారు ఆమెకు కరెంటు పాఠం మొదలుపెట్టాడు. కొమురయ్య కొబ్బరికాయకు పరిగెత్తాడు. గీజర్‌కు బొట్టు పెట్టాం, హారతిచ్చాం, అందరం కొబ్బరి తిన్నాం. నీళ్ళు కాగలేదు. "అయితే రేపు సూద్దాం" అనుకుంటూ వెళ్ళారు. నేను ఆఫీసులో బల్లుల మధ్య కూర్చుని, రేపు చూద్దామన్నారు కదా అని మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను.

నిజంగానే వచ్చారు, రోజూ వచ్చారు. గీజర్ బాగయ్యేదాకా మళ్ళీ కాగు నీళ్ళే పట్టుకోమంది రాజవ్వ. సారు బడిలోంచి వైర్లూ బల్బులూ తెచ్చి ప్రయోగాలు చేశాడు. కొమురయ్య, పాలకుర్తి గుట్ట మీది దేవుడికి మొక్కుకోమన్నాడు. టీలు పెట్టాను, కప్పులు చాలక రాజవ్వ దగ్గర గ్లాసులు తెచ్చాను. చెడిపోయిన యంత్రం ఇంట్లో ఉంటే ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఏమీ తోచక, స్విచ్ ఆపేసి, డ్రమ్ము కింది మూత విప్పాను. లోపల చిన్న మర, దాని మీద ముల్లులాంటి గీత. గీత అన్నిటికన్నా తక్కువ వేడి దగ్గర ఉంది. షాపతను చెప్పింది ఇదే కాబోలు! మర పూర్తిగా ఎక్కువ వేడి వైపు తిప్పి, మూత బిగించి, స్విచ్ వేశాను. ఎర్ర బుగ్గ ఆరనే ఆరదు. నల్లా విప్పితే పొగలు కక్కుతూ నీళ్ళు!

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. నేను బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాను. రేపట్నుంచి ఎవరూ రారు. నా గదిలోకి రావడానికి ఎవరికీ పనేముంది? కాగు దగ్గరికి పోవడానికి నాకు సాకేముంది? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఆ ఆవిరిలో ఏది కన్నీరో ఏది చెమటో తెలియక కొంత పరువు దక్కింది.

ఆ తర్వాత నేను చేసిన పని ప్రపంచంలో ఏ గీజర్ యజమానీ చేసి ఉండడు. స్విచ్ ఆపి, మూత విప్పి, మరను మళ్ళీ వెనక్కి తిప్పేశాను.

"ఏమైనా కాగుతానయా తమ్మీ?" పొద్దున అడిగాడు కొమురయ్య.

"యాడియన్నా! గట్లనే ఉన్నయ్" అన్నాను, దీనంగా.

అప్పట్నుంచి ఆదివారాలు మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ, మర తిప్పుకుని దొంగతనంగా వేడినీళ్ళ స్నానం. అవగానే మర వెనక్కి. మిగతా రోజులు మళ్ళీ రోగి బంధువు వేషం. దొంగలు నగలు దొంగిలిస్తారు, నేను నా నీళ్ళు నేనే దొంగిలించాను.

ఇంతలో ముసురు పట్టింది. కట్టెలు తడిసి పొగ తప్ప మంట రాదు. కాగులో నీళ్ళు సగం కూడా మరగడం లేదు. ఒక పొద్దున రాజవ్వ ఉన్న వేడినీళ్ళు నా బకెట్‌లో పోసి, తన చెంబులు చన్నీళ్ళతో నింపుకుంది.

"అవ్వా, నీకో?"

"నాకేమైతది? నువ్వు ఆఫీసుకు వోవాలె. పాపం, గీజర్ ఖరాబైన పోరనివి."

దగ్గుతూ ఆమె స్నానానికి తడికె వెనక్కి వెళ్ళింది. ఆ చప్పుడు వింటుంటే నా బకెట్‌లోని వేడినీళ్ళు నా ఒంటికి అంటలేదు. ఇక చాలు, ఈ ఆదివారం మర తిప్పి, బాగైందని చెప్పేద్దామనుకున్నాను. ఆదివారం వచ్చింది. మర తిప్పాను, స్నానం చేశాను. చెప్పడానికి బయటికొచ్చేసరికి కొమురయ్య పిలిచి, "రేపు పరకాల నుంచి మా బామ్మర్ది వస్తాండు, మోటర్లు రిపేర్ జేస్తడు. నీ గీజర్ కోసమే పిలిచిన" అన్నాడు. నా కోసం ఒకడు ఊరు దాటి వస్తున్నాడు! ఆ సంతోషంలో చెప్పదలచుకున్నది మింగేశాను. అంతేనా, మర వెనక్కి తిప్పడం కూడా మర్చిపోయాను.

తెల్లారగానే అందరూ వచ్చారు. బావమరిది ఇంకా బస్సు దిగలేదు. ఊరికే ఉండలేక కొమురయ్య స్విచ్ వేసి, మాటల్లో పడి, కాసేపయ్యాక నల్లా తిప్పాడు. గదంతా ఆవిరి.

"కాగినయ్!" అని కేక పెట్టాడు. "నా కొబ్బరికాయ పనిజేసింది!"

"కొబ్బరికాయ గాదు, ముసురుకు బాయిల కాడ మోటర్లు బందైనయ్, ఓల్టేజ్ పెరిగింది" అన్నాడు సారు.

ఇద్దరూ నా డ్రమ్ముకు చెరో పక్క నిలబడి వాదించుకుంటున్నారు. రాజవ్వ మాత్రం నన్నే చూస్తోంది.

"అందరు నవ్వుతాండ్రు. నీళ్ళు కాగితె నువ్వేంది బిడ్డా, ఇంట్ల మనిషి వోయినట్టు మొకం వెట్టినవ్?"

అబద్ధం కోసం వెతికాను. దొరకలేదు. బనీనూ లుంగీలో నిలబడి మొత్తం కక్కేశాను. "అది ఎప్పుడో కాగిందవ్వా. నేనే మర తిప్పి పెట్టిన. నీళ్ళు కాగితే మీరెవరూ రారు. నేనొక్కణ్ణే ఉండలేకపోతున్నా."

కొమురయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. బహుశా తన కొబ్బరికాయ గురించి ఆలోచిస్తున్నాడు. సారు గోడకేసి తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేను తిట్ల కోసం తల వంచుకున్నాను.

రాజవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను సన్నీళ్ళు వోస్కుంటాంటె, నువ్వు గియ్యి దాసిపెట్టుకున్నవా?"

"తప్పైందవ్వా."

"తప్పుకు తప్పుదండుగ కట్టాలె. ఓ కొమురయ్యా! రేపటి సంది నా పొయ్యి బందు. కట్టెలు కొనేది లేదు, ఊదేది లేదు. అందరు గీ పోరని కాడ్నే నీళ్ళు వట్టుకోండ్రి. ఫికర్ జేయకు బిడ్డా, ఇగ నువ్వు తలుపేస్కుందామన్నా మేం ఏస్కోనియ్యం."

మర్నాడు కోడి కూయకముందే నా తలుపు దబదబ మోగింది. తీస్తే బకెట్లు! ముందు రాజవ్వ, తర్వాత సారు, ఆయన భార్య, పిల్లలు, వెనక కొమురయ్య, ఆ వెనక ముందురోజు వచ్చి రిపేరుకు ఏమీ దొరకక ఉండిపోయిన ఆయన బావమరిది. నా మంచం మీద కూర్చున్నారు, నా దుప్పటి కప్పుకున్నారు, నా టీ తాగారు, నా పెళ్ళి గురించి నాతో సంబంధం లేకుండా మాట్లాడుకున్నారు. చిట్టచివర నా వంతు వచ్చింది. నల్లా తిప్పాను. చన్నీళ్ళు. ఆ రోజే కాదు, ఆ చలికాలమంతా అంతే.

"ఏంది తమ్మీ, గజగజ వణుకుతానవ్?" కొమురయ్య అడిగాడు, ఒంటి మీంచి నా వేడినీళ్ళ ఆవిరి లేస్తుండగా.

"నీళ్ళు కాగలేదన్నా!" అన్నాను, పళ్ళు కటకటలాడుతుంటే.

ఒక్కరూ నమ్మలేదు.

అందుకే తడి తువ్వాలు మీద చెయ్యేసి, ఆ ఎర్ర బుగ్గ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇక ఏ యంత్రానికీ లేని రోగం అంటగట్టను. మనుషులు కావాలనిపిస్తే మనుషులే కావాలని నోరు తెరిచి అడుగుతాను. కాకపోతే, ముందు నా స్నానం కానిచ్చుకుని అడుగుతాను.