షట్టర్ దించిన ఆదివారం

నా చిన్నప్పుడు మా సంఘానికి చర్చి భవనం లేదు, షట్టర్ మాత్రం ఉండేది. నాచారం నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో ఒక మడిగె, అంటే దుకాణం గది, అద్దెకు తీసుకుని అందులోనే ఆరాధన చేసుకునేవాళ్ళం. ఒక పక్క సైకిల్ షాపు, ఇంకో పక్క సిమెంటు దుకాణం. ఆదివారం రెండూ మూసి ఉండేవి. మా గదికి వెనక తలుపు లేదు, కిటికీ లేదు. గోడ పైన గాలి కోసం చిన్న రంధ్రాలు వదిలారంతే.

మా పాస్టరుగారిని అందరం అయ్యగారు అని పిలిచేవాళ్ళం. ఉప్పల్ మనిషే. ఎవరైనా ఒక ఆదివారం రాకపోతే సాయంత్రానికి ఆయన సైకిల్ వాళ్ళింటి ముందు ఉండేది. ఎందుకు రాలేదని అడిగేవారు కాదు, మంచినీళ్ళు అడిగి తాగి, కాసేపు కూర్చుని వచ్చేసేవారు. సండే స్కూల్లో ఎవరైనా ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఆ వారం జంపఖానా చుట్టే పని వాళ్ళిద్దరికే పడేది. చెరో కొసా పట్టుకుంటే తప్ప అది చుట్టుకోదు. చుట్టుకుంటూ మధ్యకు చేరేసరికి మొహాలు దగ్గరపడి నవ్వొచ్చేసేది. పెద్దవాళ్ళకు కూడా ఇలాంటిదేదో ఒకటి పనిచేస్తుందని ఆయన నమ్మకం. పాపం, ఆ నమ్మకమే ఒకసారి మమ్మల్నందరినీ ఇరికించింది.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చి మౌలాలిలో స్థిరపడ్డాం. సంఘంలో హార్మోనియం ఆయనదే. నా ప్రాణ స్నేహితురాలి నాన్న చర్లపల్లి ఫ్యాక్టరీల సరుకు తోలే టెంపో డ్రైవరు. నేను ఆయన్ని టెంపో మామ అనేదాన్ని. ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం ఊరేగింపులో ఆయన డప్పు కొట్టాడు. ఎంత బాగా కొట్టాడంటే పిల్లలం మట్టలు ఊపడం మానేసి గంతులేశాం. మా నాన్నకు అది నచ్చలేదు. లోపలికి రాగానే అందరి ముందూ అనేశారు.

"ఆరాధనలో ఇదేంటండీ, జాతరలాగా?"

టెంపో మామ మొహం మాడిపోయింది. "మా తాతలు కొట్టిన డప్పు సారూ. మనుషులకు పనికొచ్చింది, దేవునికి పనికిరాదా?" అన్నాడు. నాన్న వెనక్కి తగ్గే మనిషి కాదు. అయ్యగారు ఆ డప్పును బయటికి పంపనివ్వలేదు, ప్రసంగ పీఠం వెనక మేకుకు తగిలించారు. దానితో ఇద్దరికీ కోపమే మిగిలింది. ఒకరికి డప్పు అక్కడ ఉన్నందుకు, ఇంకొకరికి అది మోగనందుకు.

అక్కడి నుంచి సంఘం రెండు ముక్కలైంది. కోస్తా వాళ్ళం ఒక జంపఖానా మీద, ఇక్కడి వాళ్ళు ఇంకో జంపఖానా మీద. పాట కూడా ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు నోరు విప్పేవారు కాదు. వేసవి సెలవులు అయ్యేలోపు వేరే సంఘానికి మారిపోదామని నాన్న ఇంట్లో తేల్చేశారు. అప్పటిదాకా ఆ అమ్మాయితో మాటలు వద్దన్నారు. వాళ్ళింట్లో కూడా అదే హుకుం. నాది నాన్నను ఎదిరించే వయసు కాదు, స్నేహితురాలిని వదులుకునే మనసూ లేదు. జంపఖానా చుట్టేటప్పుడు మాత్రం ఇద్దరం చెరో కొసా పట్టుకుని, మూగవాళ్ళలా ఒకరినొకరు చూసుకునేవాళ్ళం.

కమిటీ కూర్చున్నప్పుడు షట్టర్ నడుము దాకా దించడం మా సంఘం అలవాటు. మన గొడవ బజారున పడకూడదని. మే నెలలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, నాన్ననూ టెంపో మామనూ అయ్యగారు ఆగమన్నారు. మేమిద్దరం మూల నిలబడి జంపఖానా చుడుతున్నాం. అయ్యగారు షట్టర్‌ను నడుము దగ్గర ఆపలేదు. నేల దాకా లాగేశారు.

"మాట్లాడుకోండ్రి. అయినంక తీస్త," అన్నారు.

వాళ్ళు మాట్లాడుకున్నారు. మాట్లాడుకోకపోయినా బాగుండేది. అంతకుముందు అననివి కూడా అన్నీ అనేసుకున్నారు. ఇంతలో కరెంటు పోయింది. చీకట్లో టెంపో మామ, "నాకేం జరూరత్ లేదు, నేను పోత," అంటూ వెళ్ళి షట్టర్‌ను ఒక కొస పట్టుకుని పైకి గుంజాడు. అది వంకరగా కాస్త లేచి బిగుసుకుపోయింది. నాన్న వెళ్ళి రెండో కొస గుంజారు. ఇంకా బిగిసింది.

నాకు భయం వేయలేదు. ఎందుకంటే ఆ షట్టర్ కిటుకు అయ్యగారికి తెలుసు. పొద్దున్నే వచ్చినప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఎడమ మూల కాలితో తట్టి, మధ్యలో చేయి వేసి లేపితే చాలు. అయ్యగారు వెళ్ళి తట్టారు. లేపారు. మళ్ళీ తట్టారు. అది కదల్లేదు. అప్పుడు భయం వేసింది.

అదే సమయానికి ప్రసంగ పీఠం పక్కన మూటలా ఉన్నది కదిలింది.

"ఏందిరా గీ సీకటి? పొద్దు గూకిందా?"

చెంగిచెర్ల నుంచి వచ్చే ముసలవ్వ. ఆరాధన అయ్యాక బస్సు వేళ దాకా అక్కడే గోడకానుకుని కునుకు తీయడం ఆవిడకు అలవాటు. ఆవిడ లోపల ఉన్నట్టు ఎవరమూ చూడలేదు, అయ్యగారు కూడా. "గాలాడ్తలేదు బిడ్డా," అంది. కాసేపటికి ఆ మాట కూడా అనలేకపోయింది. ఎగశ్వాస వినిపిస్తోంది. రేకు షట్టర్ పెనంలా కాలుతోంది. కూజాలో అడుగున ఉన్న నీళ్ళు ఆవిడ మొహాన చల్లాం. నాన్న, మామ ఇద్దరూ అరచేతులతో షట్టర్‌ను బాదారు, అరిచారు. బయట ఎవరో సైకిల్ మీద పోతూ, "ఇయ్యాల ప్రార్థన మస్తు జోరు మీదుంది," అనుకుంటూ వెళ్ళిపోవడం మాకు వినిపించింది. ఆయన తప్పేముంది? ప్రతి ఆదివారం ఆ షట్టర్ లోంచి చప్పట్లు, కేకలు రావడం ఆ వీధికి మామూలే.

నా స్నేహితురాలు చీకట్లో నా చేయి పట్టుకుంది. ఇంక ఎవరు ఏమన్నా సరే అనిపించి నేనూ గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు అయ్యగారి గొంతు వినిపించింది. ప్రసంగం చెప్పే గొంతు కాదది.

"తప్పు నాదే. కావాలనే దించిన. తలుపు మూస్తె మీరు మాట్లాడుకుంటరనుకున్న. తెరిసే కిటుకు నాకు తెల్సని గర్వం. ఇప్పుడు నాతోని గూడ అయితలేదు. అవ్వకేమన్న అయితె నేనే జవాబుదారిని. మీరిద్దరు నన్ను క్షమించాలె."

మా సంఘంలో అయ్యగారు అంటే దేవుడి తర్వాత మనిషి. ఆయన మమ్మల్ని క్షమాపణ అడగడమా? నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు, ఆ మాట వినగానే గది కొంచెం పెద్దదైనట్టు అనిపించింది.

ముందుగా మాట్లాడింది మా నాన్న. "మేము పసిపిల్లల్లా కొట్టుకోబట్టే కదండీ," అని, టెంపో మామ వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆ డప్పు తీసి కొట్టు. జనం పరిగెత్తుకొచ్చేలా కొట్టు."

"డప్పు ఇంటె గూడ ప్రార్థనే అనుకుంటరు సారూ." అన్నాడు మామ. "పరిగెత్తుకొని రావాలంటె ఒక్కటే దెబ్బ ఉంది. సావు దెబ్బ. అది మా తాత ఇడిసిపెట్టిండు. ఊర్ల ఎవరు సచ్చినా కొట్టాలె, ఇష్టమున్నా లేకున్నా. ప్రభువును నమ్ముకున్ననాడు ఇంక కొట్టనన్నడు. నేను సుత కొట్టలే."

డప్పంటే జాతర అని మాత్రమే అనుకున్న మనిషి నాన్న. దాని వెనక ఇంత ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. మెల్లగా, "నాకు తెలియదయ్యా. వద్దులే. ఇంకేదైనా చూద్దాం," అన్నారు.

అవ్వ దగ్గింది. మామ తడుముకుంటూ వెళ్ళి మేకు మీది డప్పు తీశాడు. ఆ వేడికి మంట కాచకుండానే తోలు బిగిసి ఉంది. మొదటి దెబ్బ పడింది. పండగ దెబ్బలా గంతులేయించేది కాదది. ఎవరింట్లోనో మనిషి పోయాడని ఊరంతటికీ చెప్పే దెబ్బ. మామ ఏడుస్తూ కొట్టాడు.

జనం వచ్చారు. ఎదురు హోటల్ వాళ్ళు, బస్సు కోసం నిలబడినవాళ్ళు, గడ్డపార పట్టుకుని సైకిల్ షాపాయన. షట్టర్ ఒక పక్క నుంచి చీలుతూ లేచి, వెలుగు లోపలికి పడింది. ముందుగా దూరినాయన కంగారుగా అడిగాడు.

"ఎవరు పోయిండ్రు?"

అవ్వ కళ్ళు తెరిచి, ఊపిరి కూడదీసుకుని, "నేనింక పోలే బిడ్డా. ముందుగాల్ల నీళ్ళియ్యి," అంది.

ఆ మాటకు నాన్న, టెంపో మామ ఒకేసారి నవ్వారు. నవ్వుతూనే ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రసంగానికి ముందు జరిగినదంతా తన తప్పుగా సంఘం ముందు చెప్పారు. చెప్పక్కర్లేదని నాన్న బతిమాలారట. ఆయన వినలేదు. ఆ రోజు నాన్న హార్మోనియం ముందు కూర్చుని, మెట్ల మీద వేళ్ళు పెట్టి, పాట మొదలుపెట్టకుండా మామ వైపు చూశారు. మామ డప్పు అందుకున్నాక గానీ ఆయన వేళ్ళు కదల్లేదు. మేము వేరే సంఘానికి మారలేదు. కమిటీ మాత్రం ఇక ఎన్నడూ షట్టర్ దించలేదు. మా గొడవలన్నీ ఎదురు హోటల్ వాళ్ళు టీ తాగుతూ హాయిగా వినేవాళ్ళు.

ఇప్పుడు ఉప్పల్లో తల మీద మెట్రో రైలు పోతోంది. మా సంఘానికి సొంత భవనం ఉంది, స్త్రీల సమాజం బాధ్యత నా మీద ఉంది. అక్కడా ఇద్దరికి పడదు, ముగ్గురు అలుగుతారు. వాళ్ళను కలపాలని తొందరపడి నేనూ అప్పుడప్పుడు పొరపాట్లు చేస్తాను. చేశానని తెలిసిన వెంటనే, ఎవరూ అడగకముందే, నాదే తప్పని చెప్పేస్తాను. సమావేశం మొదలయ్యే ముందు లేచి వెళ్ళి తలుపు బార్లా తీసి వస్తాను. ఫ్యాన్ ఉండగా గాలి ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. నా పక్కనే కూర్చునే నా స్నేహితురాలు మాత్రం ఏమీ అడగదు, నా చేయి ఒకసారి పట్టుకుని వదులుతుంది.