మౌఢ్యంలో వచ్చిన వీసా

కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగవంటారు. ఆ మాట అన్నవాడెవడో గాని, మన పెద్దల్నీ వీసా ఆఫీసునీ ఒకే ఏడాదిలో చూసి ఉండడు. డాక్టర్ లోహిత కళ్యాణం ఆ రెంటి మధ్యా పడి ఆగిపోయింది.

లోహితది కాకినాడ. అక్కడే మెడిసిన్ చదివి ఐర్లండ్ వెళ్ళి, కోర్క్ నగరంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో చేరింది. ఊరికి పడమటి వైపున్న బాలింకాలిగ్‌లో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి అద్దెకుండేది. రెండువేల ఇరవై ఫిబ్రవరిలో సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు అమలాపురం సంబంధం ఖాయమైంది. వరుడు త్రినాథ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెమ్మదస్తుడు, నవ్వితే బాగుంటాడు. తండ్రి గురుమూర్తిగారు రిటైరయిన హెడ్మాస్టరు. పంచాంగం చూడనిదే ఆయన గడప దాటరు, ఇంకొకరిని దాటనివ్వరు.

ముహూర్తం మే నెలకు పెట్టారు. వీసాకు నెలలు పడుతుంది కాబట్టి ముందుగా రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి రిజిస్టరు చేయించారు. విదేశీ సంబంధాల్లో అందరూ చేసేదే. దండలు మార్చుకున్నారు, సంతకాలు పెట్టారు, పక్క హోటల్లో పెసరట్లు తిన్నారు. ఆ తర్వాత పెళ్ళికూతురు వాళ్ళ కారెక్కింది, పెళ్ళికొడుకు వాళ్ళ కారెక్కాడు.

"ఇది కాయితాల కోసమేనమ్మా. అసలు పెళ్ళి మేలో," అన్నారు గురుమూర్తిగారు.

లోహిత నవ్వి ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

ఆమె తిరిగి కోర్క్ చేరిన కొద్ది రోజులకే లోకం తలుపులు మూసుకుంది. మే వచ్చింది, ముహూర్తం దారిన ముహూర్తం పోయింది. లోహిత ఒంటి నిండా ప్లాస్టిక్ గౌను తొడుక్కుని వార్డులో నిలబడి, ఊపిరందని ముసలాయన ముఖం ముందు టాబ్లెట్ పట్టుకునేది. తెర మీద ఆయన భార్య, "డెక్లన్, నేనిక్కడే ఉన్నాను," అనేది. నువ్వాయన భార్యవేనా అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. లోహితకు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడమే రెండో ఉద్యోగమైంది.

భర్తను తెచ్చుకోవాలంటే అతనుండటానికి చోటు చూపించాలి. అందుకని ఒక్కతే చిన్న ఫ్లాట్ లీజుకు తీసుకుంది. పడగ్గదిలో గోడ బీరువా ఉంది, ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు. అందులో సగం అతని చొక్కాలకని ఖాళీగా ఉంచింది. తన వైపు కాయితాలన్నీ అమలాపురం పంపింది. దరఖాస్తు అక్కణ్ణుంచే వెళ్ళింది. ఆఫీసులు మూసి, తెరిచి, మళ్ళీ మూసి, చివరికి అక్టోబరులో తిరస్కరించారు. సర్టిఫికెట్టులో పెళ్ళి ఫిబ్రవరిలో అయిందని ఉంది, మీరే జతచేసిన శుభలేఖలో మేలో అవుతుందని ఉంది, కాబట్టి ఈ పెళ్ళిని మేము నమ్మలేకపోతున్నాం అన్నారు.

శుభలేఖ ఎక్కణ్ణుంచి వచ్చింది? తను పంపలేదే! అమలాపురం ఫోన్ చేసింది.

"నేనే పెట్టానమ్మా," అన్నారు గురుమూర్తిగారు, ఏ బెరుకూ లేకుండా. "నాలుగు మూలలా పసుపు రాసి మరీ పెట్టాను. శుభలేఖ లేకుండా పెళ్ళంటే ఎవరు నమ్ముతారు?"

లోహితకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన కదాని నోరు నొక్కుకుంది. అప్పీలు రాయడానికి కూర్చుంది. మేము ఫిబ్రవరి నుంచే భార్యాభర్తలం, మిగిలింది వేడుక మాత్రమే అని తనొక ప్రమాణపత్రం రాసింది, అలాంటిదే త్రినాథ్ చేతా రాయించింది. పంపేముందు అతను వీడియో కాల్లో చదివి వినిపించాడు. "నా భార్య లోహిత" అన్నచోట కాస్త ఆగాడు. అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. లోహిత ఫోను పక్కన పెట్టి ఏడ్చింది. సంతోషంతోనే.

జనవరి ఆఖర్లో అప్పీలు గెలిచింది, వీసా వచ్చింది. మూడు నెలల్లోగా వచ్చి దిగాలి. వార్డులో ఆమెతో పనిచేసే పోలండ్ నర్సు మార్తా, ముట్టుకోకూడదు గనక, మోచేతికి మోచెయ్యి తగిలించి, "ఇక అంతా గ్రాండ్!" అంది. లోహిత అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"టికెట్ ఎప్పటికి చూడమంటారు?"

"అదే..." అన్నాడు త్రినాథ్. "నాన్నగారు మౌఢ్యం అంటన్నారు. ఇప్పుడు గురుమౌఢ్యం నడుత్తంది, అదవగానే శుక్రమౌఢ్యమంట. మే దాకా ముహూర్తాల్లేవు. తాళి కట్టకుండా ఎలా వచ్చేత్తాను? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"వీసా ఏప్రిల్‌తో అయిపోద్ది."

"పొడిగిత్తారేమో అడిగి చూడు."

అడిగింది. పొడిగించం, మళ్ళీ మొదటినుంచి పెట్టుకోండన్నారు. తనే వెళ్దామంటే ఆసుపత్రిలో ఎవరికీ సెలవుల్లేవు. పసుపుతాడు జేబులో వేసుకుని రండి, ఇక్కడే కట్టండి అని బతిమాలింది. మౌఢ్యంలో కడితే మంచిది కాదంట, అన్నాడు. ఆ 'అంట' తండ్రిది, గొంతు మాత్రం ఇతనిది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి వేషం మొగుడే కట్టాడు.

ఏప్రిల్ అయిపోయింది. మే మొదటి వారంలో మౌఢ్యం వదిలింది. అప్పటికి మన దేశంలో శ్మశానాల ముందు వరసలు కట్టారు, విమానాలు ఆగాయి. గురుమూర్తిగారు మాత్రం ఫ్యామిలీ గ్రూపులో మల్లెపూల బొమ్మ పెట్టి, 'ఇక దివ్యమైన ముహూర్తాలు' అని రాశారు.

త్రినాథ్ ఫోన్ చేశాడు. "మళ్ళీ అప్లై చేద్దాం. ఏవుంది, కాయితాలన్నీ ఉన్నాయిగా."

"ఉన్నాయి. ఫిబ్రవరి నుంచే భార్యాభర్తలమని మీరు రాసింది కూడా ఉంది. అది నిజమేనా?"

"అది ఆఫీసు కోసం కదా," అన్నాడు.

"ఆఫీసు నమ్మింది, త్రినాథ్. నువ్వే నమ్మలేదు." అంతవరకూ మీరు అన్న నోటికి ఆ 'నువ్వు' ఏ కష్టమూ లేకుండా వచ్చింది.

ఆ వారమే ప్రెస్‌లో రెండో సగం కూడా తన బట్టలతో నింపుకుంది. కాకినాడలో కృపారావు అనే ప్లీడరుకు ఫోన్ చేసింది. చట్టప్రకారం అది పెళ్ళేనమ్మా, విడాకులు తీసుకోవాల్సిందే అన్నాడాయన. నోటీసు వెళ్ళింది. అందిన రోజునే గురుమూర్తిగారు ఫోన్ చేశారు.

"ఇదేంటమ్మా లోహితా! జరగని పెళ్ళికి విడాకులేంటి? తాళే కట్టలేదు కదా!"

డ్యూటీ దిగి వచ్చిన లోహిత ముఖం మీద మాస్కు పట్టీల వాతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఈసారి నవ్వి ఊరుకోలేదు.

"ఆ ముక్క జడ్జిగారికి రాయండి మావయ్యగారూ. నాలుగు మూలలా పసుపు రాసి మరీ పంపండి."