సీట్లు లేని కౌన్సెలింగ్

అశోక్‌నగర్‌లో మా కేంద్రం తెరిచిన మొదటి రోజే మెట్ల మీద క్యూ కట్టారు. నేను సైకాలజిస్టుని. జనం మనసు విప్పడానికి ఇంత తొందరపడతారని ఏ పుస్తకంలోనూ చదవలేదు. తీరా చూస్తే ప్రతి చేతిలో ఒక ఫోల్డరు, నిండా సర్టిఫికెట్ల జిరాక్సులు.

"మేడం, వెబ్ ఆప్షన్లు ఈడనే పెట్టాల్నా?" అని అడిగింది ముందున్న అమ్మాయి.

తప్పు మాదే. బోర్డు మీద 'ఉచిత కౌన్సెలింగ్' అని రాయించాం. పోటీ పరీక్షలకు చదివే ఆ గల్లీల్లో కౌన్సెలింగ్ అంటే సీట్లు, పోస్టింగులు ఇచ్చే తతంగం. అదీ ఉచితమంటే ఆగుతారా?

నారాయణగూడలోని మా పెద్దాఫీసు వారు మీటింగ్ పెట్టి, సమోసాలు తిని, స్పష్టత లోపించిందని తేల్చారు. 'మానసిక ఆరోగ్య సేవా కేంద్రం' అని కొత్త బోర్డు వచ్చింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం పాలమూరు నుంచి వచ్చి గ్రూప్స్‌కి చదువుతున్న అబ్బాయి గబుక్కున లోపలికొచ్చి తలుపు మూశాడు.

"నిద్ర పడ్తలేదు అక్కా. బతకబుద్ధి అయితలేదు."

నాకు భయం వేసింది. సాయంత్రం దాకా మాట్లాడించాను. రేపు కూడా రమ్మన్నాను.

"గీ బోర్డు ఉంటే రాలేను. ఎవరన్న చూస్తే హాస్టలంత పిచ్చోడంటరు. పాతదే పెట్టున్రి. సీటు కోసం పోయిండనుకుంటరు."

అప్పటికప్పుడే పెద్దసారుకు ఫోన్ చేశాను.

"జనం అపార్థం చేసుకుంటారమ్మా" అన్నారాయన.

"చేసుకోనివ్వండి సార్. ఆ చాటున లోపలికొస్తారు."

"పాలసీలో అపార్థానికి చోటెక్కడుంది?"

"బోర్డు మీద సార్."

నాతో వాదించడం కన్నా బోర్డు మార్చడమే సులువనుకున్నారేమో, సరేనన్నారు. పాత బోర్డు ఆ రాత్రే పైకెక్కింది. మర్నాడు ఆ అబ్బాయి దర్జాగా, నలుగురూ చూస్తుండగా వచ్చాడు. ఆ తర్వాత మానలేదు.

కొన్ని వారాలకు నవ్వుతూ చెప్పాడు: "అమ్మకు ఫోన్ల చెప్పిన అక్కా, కౌన్సెలింగ్‌కు పోతున్న అని."

"ఏమన్నది?"

"సీటు కోసమే అనుకుంది. 'వచ్చేదాక పో బిడ్డా, నడుమ ఇడిసిపెట్టకు' అన్నది."

నేను చెప్పాల్సిన మాట ఆమే చెప్పింది. వచ్చే మంగళవారం రమ్మన్నాను.