చుట్టాల నీళ్లు

మా తోడికోడలు కౌసల్య గడప ఎక్కినవాళ్లెవరూ దూపతో దిగలేదు. కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా, తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ పక్క ఊరివాడు వచ్చినా, మాట కన్నా ముందు నీళ్లతో ఇత్తడి చెంబు బయటికి వచ్చేది. చింతపండు పెట్టి తోమిన చెంబు, అందులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. మా అత్త ఆమెను పొగిడినా ఆ చెంబుకే, నన్ను తిట్టినా ఆ చెంబుకే. నా ఇంటికి ఎవరైనా వస్తే నేను ముందు "ఏం పని?" అని అడిగేదాన్ని. ఇప్పటికీ అంతే.

మా వాడ పటాన్‌చెరు కంపెనీల గోడల వెనక ఉంది. గోడ అవతలి నుంచి ఒక కాలువ వస్తుంది. రాత్రి ఒక రంగు, పొద్దున ఒక రంగు. మా బోరు ఆ కాలువకు కూతవేటు దూరంలో ఉంది. నీళ్లు నల్లాలోంచి వచ్చేటప్పుడు బాగానే కనబడతాయి. గోలెంలో పోసి పెడితే సాయంత్రానికి పైన పసుపుపచ్చ తెట్టు కడుతుంది, మందుగోలీ డబ్బా మూత తీసిన వాసన వస్తుంది. ఆ నీళ్లతో అన్నం వండితే పులిహోర అని చెప్పి పెట్టవచ్చు.

కౌసల్య మొగుడు నర్సింహులు నాకు మరిది. మంచి పనిమంతుడు, కల్లు కూడా ముట్టనివాడు. ఆయనకు మూత్రపిండాలు పోయాయి. పట్నం దవాఖానలో డాక్టరు "మీరు ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగాడట. ఈమె చెప్పిందట. ఆయన తల ఊపాడట. అంతే, ఎక్కడా రాయలేదు. మరిది పోయాక కౌసల్య పట్టిన పట్టు ఒక్కటే: ఈ నీళ్లు చెడ్డవని చదువుకున్నవాడు ఎవడైనా పదిమందిలో నోరు తెరిచి చెప్పాలి. చెబితే మంచినీళ్ల పైపు మా వాడకు వస్తుంది. పరీక్షలో తేలితే ముందు మీకే వేస్తామని మండలం నుంచి వచ్చిన నీళ్ల ఆఫీసరు అన్నాడు మరి. ఆమె తన కోసం అడగలేదు, మనవరాలు తనుశ్రీ కోసం అడిగింది. ఆ పిల్లకు ఇంకా పాలపళ్లే ఊడలేదు.

అంతదాకా ఏం చేసిందంటే, పటేల్‌గూడ నుంచి ఆటోలో వచ్చే ఫిల్టరు నీళ్ల డబ్బా ఒకటి కొని మూలన పెట్టి, పైన తువ్వాల కప్పింది. ఆ నీళ్లు తనుశ్రీకి, ఇంటికి వచ్చిన చుట్టాలకు. తనకూ కొడుక్కూ కోడలికీ గోలెమే. వాడలో ఏ ఇంటి పద్ధతైనా ఇదే.

పోయిన ఎండాకాలం ఒక పెద్ద చదువుల బడి నుంచి బండి వచ్చింది. ఒంటిని చూసేవాళ్లు, బతుకు గురించి అడిగేవాళ్లు, నీళ్లనూ మట్టినీ పరీక్షించేవాళ్లు, అందరూ ఒకే బండిలో దిగారు. రోగం, బతుకు, నీళ్లు వేరువేరు కావని ఈ మధ్యనే కనిపెట్టారట. సంతోషం. ఆ రోజు నేను కన్ను చూపించుకోవడానికి పోయాను, నా ఇంటికి తాళం. అక్కడ జరిగిందంతా కౌసల్య కోడలు శ్రీలత చెప్పింది. ఆ పిల్ల సుల్తాన్‌పూర్‌లో సూదులు చేసే కంపెనీలో పని చేస్తుంది. ఆ రోజు సెలవు.

"పెద్దత్తమ్మా, నువ్వు ఉండాల్సింది," అని నవ్వింది శ్రీలత. "ఇంట్ల అందరు సరిపడ తింటరా అని అడిగిన్రు. మా అత్త ఏమన్నదో ఎర్కనా? 'మా ఇంట్ల తిని, మిగిలింది బర్రెకు ఏస్తం' అన్నది. బర్రె సచ్చిపోయి రెండేండ్లాయె! ఒంట్ల ఏమన్న బాధ ఉన్నదా అంటే 'నాకేంది, రాయోలె ఉన్న' అని చేతులు కొంగుల దాసుకున్నది."

చేతులు దాచుకోక ఏం చేస్తుంది? వేళ్ల మధ్య తోలు ఊడిపోతోంది. రక్తం మాత్రం ఇచ్చింది. వద్దనడానికి వీలులేదు, సూది పట్టుకుని కూర్చున్నారు.

ఆ రోజే బోరు మోటరు కాలిపోయి ఉంది. అందుకని నీళ్ల పరీక్ష చేసే అమ్మాయి తేజస్విని ఇంటింటికీ సీసా ఇచ్చి, "మోటరు లేదు కదమ్మా, మీరు తాగే నీళ్లే ఇందులో పోసివ్వండి" అని అడిగింది. కౌసల్య లోపలికి పోయింది. చెంబు మళ్లీ తోమింది. సీసా నింపి తెచ్చింది. చెంబులో మిగిలినవి ఆ అమ్మాయికిచ్చింది. అమ్మాయి చెంబెత్తి తాగి, "ఎంత చల్లగా ఉన్నాయమ్మా" అన్నది. ఆ మాట చెప్పుకుంటూ మా కౌసల్య వారం రోజులు నేల మీద నడవలేదు.

వానలు పోయాక ఆ బండి మళ్లీ వచ్చింది. మా వాడ బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టారు. తేజస్విని గోడ మీద బొమ్మలు చూపించింది. రక్తంలో తేడాలు కనబడ్డాయన్నది. కానీ ఈ వాడవాళ్లు ఇళ్లలో తాగే నీళ్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఆ తేడాలు నీళ్ల వల్ల వచ్చినవని చెప్పలేమన్నది. పక్కనే కూర్చున్న నీళ్ల ఆఫీసరు మొహం విప్పారింది.

కౌసల్య లేచి నిలబడింది.

"ఏం మాట్లాడుతున్నవు బిడ్డా? మా ఆయన దేనితోటి పోయిండు మరి?"

"నేను నమ్మకపోవడం కాదమ్మా. మీ సీసా మీద మీ ఇంటి పేరే ఉంది. మీ చేత్తో మీరే పోసిచ్చారు కదా?"



"అవి మేం తాగేటివి కావు బిడ్డా," అన్నది కౌసల్య. "సుట్టాల నీళ్లు."

"అంటే?"

"డబ్బ నీళ్లు. సీసా మీద ఇంటిపేరు రాస్తివి. పట్నంల పదిమంది సూస్తరు. గోలెంల పచ్చనీళ్లు పోసి పంపిస్తే మా ఇజ్జత్ ఏముంటది? రక్తం తీస్కుంటివి గద, అదే చెప్తది అనుకున్న."

నేను వెనక కూర్చున్న మా వాడవాళ్ల వైపు తిరిగాను. "ధనలక్ష్మీ, నువ్వేం పోసినవే?"

"డబ్బవే పెద్దమ్మా. ఇంటికొచ్చిన పిల్లకు గలీజు నీళ్లు ఎట్లిస్తం?"

"నువ్వు యాదన్నా?"

"ఇంట్ల డబ్బ అయిపోతే పక్కింట్ల అడిగి తెచ్చి పోసిన వదినా," అన్నాడు యాదన్న, తలకాయ దించుకుని.

అంటే ఆ బండెడు చదువు కలిసి పరీక్ష చేసింది మా నీళ్లను కాదు, పటేల్‌గూడ ఫిల్టరు నీళ్లను. వరండాలో ఎవడో నవ్వాడు. నాకైతే చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తెలియక ఊరుకున్నాను.

తేజస్విని మొహం తెల్లబోయింది. ఇదంతా అచ్చుకు వెళ్లిపోయిందని, మళ్లీ నీళ్లు తీయాలంటే పైవాళ్ల అనుమతి రావాలని గొణిగింది. ఆఫీసరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నీళ్లు మంచిగున్నయని వాళ్లే చెప్పె. ఇగ నన్నేం చెయ్యమంటరు?" అన్నాడు. పైపు రోడ్డు అవతలి కాలనీకి పోయింది. అక్కడ ఇంకా ఇళ్లే లేవు, రాళ్లు పాతి ఉన్నాయి.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కౌసల్య రమ్మన్నది, చాప వేసింది, చెంబు తోమి తెచ్చి చేతికిచ్చింది. అమ్మాయి నోటి దాకా ఎత్తి ఆగింది. పైన పసుపుపచ్చ తెట్టు.

"తాగు బిడ్డా. ఇవే మావి."

అమ్మాయి తాగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నేను కాదనను. సంచిలోంచి సీసా తీసి ఆ నీళ్లు అందులో వంచుకుంది. "ఈసారి సరిగ్గా చూపిస్తానమ్మా" అన్నది.

"ఆ రోజు ఒక్క మాట అడగకుంటనే గటగట తాగితివి గదా," అన్నది కౌసల్య. గొంతు పెంచలేదు. నేనైతే పెంచేదాన్ని.

ఆ సీసా ఏమైందో ఇంతవరకు కబురు లేదు.

అప్పటి నుంచి కౌసల్య ఇంట్లో చుట్టాల నీళ్లు లేవు. డబ్బా తనుశ్రీది, దాని మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. మీటరువాడు వచ్చినా, సొంత అన్న వచ్చినా తోమిన చెంబులో గోలెం నీళ్లే. మొదట్లో వచ్చినవాళ్లు చెంబు పట్టుకుని ఇటూ అటూ చూసి కింద పెట్టేవారు. తర్వాత గడప బయటి నుంచే మాట్లాడి పోయేవారు. ఇప్పుడు ఆ దారినే రావడం లేదు. మా అత్త పొగిడిన ఇల్లు అది.

నేను రోజూ సాయంత్రం వెళ్తాను. ఆమె చెంబు తెచ్చి ఇస్తుంది, ఎదురుగా కూర్చుంటుంది. మందు వాసన ముక్కుకు కొడుతుంది. చెంబు అడుగు కనబడేదాకా చూస్తుంది, నేను తాగుతాను.